తాడు కట్టని బండి

1953 ఫిబ్రవరి 2, సోమవారం

ఇది మా ఆయన బాడుగ ట్రిప్పులు రాసుకునే డైరీ. టైర్ల కంపెనీ వాళ్ళు ఏటా ఇస్తారు. ఈ ఏడు రాసుకోను ఆయన ఇంట్లో లేడు. నేను రాస్తా. ఎవురు వద్దంటారో చూస్తా.

ఈ పొద్దు బావ మేడ దిగొచ్చినాడు. వెంట ఒక సిల్కు జుబ్బా మనిషి. పేరు వీరభద్రరావంట, ఏదో సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరంట, రాజమండ్రి పక్క నుంచి వచ్చినాడంట. షెడ్డులో మా బండి చుట్టూ మూడు తూర్లు తిరిగినాడు. గుళ్ళో కూడా అంత భక్తిగా ఎవురూ తిరగరు.

"అమ్మగారూ, ఇలాంటి పాత బండి కోసం మెద్రాసంతా గాలిస్తున్నామండీ. క్లైమాక్సులో విలన్ పారిపోతుంటాడు. బండి కొండ మీంచి దొర్లి భగ్గుమని అంటుకుంటుంది. హాల్లో జనం లేచి నిలబడతారనుకోండి!"

"అంటుకునేది ఏ బండి?"

"ఇదేనండి" అని బానెట్టు మీద చెయ్యేసినాడు.

"చెయ్యి తియ్యి" అన్నా.

పాపం, తీసినాడు. తీసి "ఏదో తెలుగువాళ్ళం గదా అని వచ్చామండీ, మెద్రాసు మనదే గదండీ" అన్నాడు. మాది మూడొందల ఏండ్లుగా మాదే, మీరు ఎప్పుడొచ్చినారు నాయనా అన్నా. బావకు కోపమొచ్చింది. ఏకాంబరం నాయుడంటే మా ఆయనకు అన్న, ఈ ఇంటికి పెద్ద, ఆ మాట రోజుకు నాలుగు తూర్లు గుర్తు చేస్తాడు. "జైలుకు పోయినోడి బండి వాకిట్లో పెట్టుకుంటే ఎవురూ మన గడప తొక్కరు పంకజం" అన్నాడు.

తొక్కకపోతే గడప అరగదు, మంచిదే గదా బావా అన్నా.

ఈ బండిలో మా పేట చూళైలో సగం మంది పెండ్లికూతుర్లు ఊరేగినారు. నేనూ ఊరేగినా. దాన్ని కాలబెడతారంట.

ఫిబ్రవరి 3

ఆయనకు ఆ బాటిలు సంగతి తెలియదు.

ఫిబ్రవరి 5

కోర్టులో చెప్పిందే మళ్ళా రాసుకుంటా, మనసు కుదుటపడను. అక్టోబరులో పాండిచ్చేరి బాడుగకు పోయినాడు. తిరిగొస్తుంటే మద్యనిషేధం పోలీసులు ఆపినారు. ముందు సీటు చాప కింద ఒక బాటిలు దొరికింది. బండెక్కినోడు ఎవుడో దిగేటప్పుడు మర్చిపోయింటాడు. ఆయన తాగడు. కల్లు వాసన తగిలినా ముక్కు మూసుకుంటాడు. జడ్జి వింటేనా! ఆర్నెల్లు. బండిని మాత్రం వదిలేసినారు, అదీ మా లాయరు భక్తవత్సలం గారి పుణ్యం. ఫీజు తీసుకోలా ఆ మహానుభావుడు. "దేవరాజులు నాకు తమ్ముడి మాదిరి" అన్నాడు. ఈ కాలంలో అట్లాంటోళ్ళు కూడా ఉండారు.

బండి తుడిచినా. ఆయన లేకపోయినా వారానికి ఒక తూరి స్టార్టు చేస్తా. ఇంజను లేపను ముందర దూర్చి తిప్పే హ్యాండిల్ నాది, స్టీరింగు ఆయనది, మా కాపురంలో పన్లు పంచుకున్నది అట్ల. పదేండ్ల కిందట హ్యాండిల్ ఎదురు తన్ని ఆయన మణికట్టు విరిగింది. బొటనవేలు లోపలికి మడిచి పట్టుకుంటే అంతే, తన్నినప్పుడు చెయ్యి తప్పించుకోలేదు. అప్పుడు ఎన్నూరు రోడ్డులో నాకు డ్రైవింగు నేర్పినాడు. చెయ్యి అతుక్కునే దాకా బాడుగలన్నీ నేనే తోలినా, లైసెన్సు కూడా తీసుకున్నా. చెయ్యి బాగైనాక స్టీరింగు ఆయన తీసుకున్నాడు. హ్యాండిల్ మాత్రం నాకే వదిలేసినాడు. అప్పటి నుంచి నేను ముందర నిలబడి తిప్పేది, ఆయన దర్జాగా కూర్చుని "ఊఁ, ఇంకొక తూరి" అనేది.

తుడవను గుడ్డ కోసం వెతికినా. నా నీలం చీర, అంచు చినిగిందని, బండి తుడుస్తానంటే ఆయనకిచ్చినా పోయిన ఏడు. యాడ పెట్టినాడో. ఒక్కనాడన్నా దాంతో తుడిచింది చూడలా.

ఫిబ్రవరి 9

బావ మళ్ళా. వీరభద్రరావు మళ్ళా. ఈ తూరి బొబ్బట్లు తెచ్చినాడు. బొబ్బట్లు తీసుకున్నా, బండి ఇవ్వలా.

ఫిబ్రవరి 11

లాయరయ్య వచ్చినాడు. వాళ్ళ మోటారు క్లబ్బు వాళ్ళు పాత కార్ల యాత్ర పెట్టినారంట. మద్రాసు నుంచి బెంగుళూరుకు పోయి రావాల. ఇరవై ఏండ్లకు తగ్గిన బండిని రానీరంట. కంపెనీ దొరలు, ఒకరిద్దరు జమీందార్లు, వకీళ్ళు. మైసూరు రాజ్యంలో విస్కీ కాచే ఫ్యాక్టరీలు రెండు చూపిస్తారంట, విందులంట. విని నవ్వొచ్చింది. పోటీ అని పేరు పెట్టి, ఈడ దొరకనిది ఆడ గొంతులో పోసుకోను పోతాండారు. మన రాజ్యంలో గొంతులు ఎండి ఐదేండ్లాయ గదా.

"నీ బండి లేకుంటే ఎట్లమ్మా? మొత్తం మద్రాసులో అంత బాగా నడిచే బండి లేదు. నువ్వే తోలు. ఆడమనిషి తోలితే మా క్లబ్బుకే గౌరవం" అన్నాడు.

నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఈ నాలుగు నెలల్లో ఆ బండిని బాగుందన్నది ఈయనొక్కడే. పక్కన బావ ఉండాడు. అప్పుడే అనేసినా: "బావా, ఈ బండి బెంగుళూరు పోయి తన చక్రాల మీద తాను తిరిగొస్తే సినిమా మాట ఇంకెత్తకూడదు. సరేనా?"

బావ మీసం దువ్వుకున్నాడు. "తాడు కట్టి లాక్కొస్తే?"

"లాక్కొస్తే ఆ తాడుతోనే స్టూడియోకు లాక్కుపో."

లాయరయ్య ముందర చేతిలో చెయ్యేసి మాటిచ్చినాడు. నోరు ఊరుకోదు నాకు. ఊరుకోకపోవడమే మేలు.

ఫిబ్రవరి 14

వేలూరు జైలు. కమ్మీల ఆ పక్క ఆయన. చిక్కినాడు. యాత్ర సంగతి చెప్తే సంతోషిస్తాడనుకున్నా.

"వద్దు" అన్నాడు.

"ఎందుకు? నాకు తోలను రాదా?"

"అది కాదు. ఆ క్లబ్బోళ్ళతో వద్దు. బండి అమ్మేస్తే అమ్మేయనీ అన్నను."

మొగోడి రోషం. పెండ్లాం పేరు పేపర్లో పడుతుందని. పోతానన్నా, బావతో పందెం కూడా వేసినానన్నా.  వార్డరు టైమైందన్నప్పుడు, "పోతే పో గానీ వెనక సీటు ఊడదియ్యొద్దు పంకజం, స్ప్రింగులు పోతాయి" అన్నాడు. పెండ్లాం మీద లేని బెంగ స్ప్రింగుల మీద!

పోయేటప్పుడు వేలూరులో హారన్ కొడతా, మూడు తూర్లు, వినండి అని చెప్పినా. మా హారన్ ఆయనకు తెలియనిదా, రబ్బరు బుడ్డి నొక్కితే తప్పిపోయిన బర్రె మాదిరి అరుస్తుంది.

ఫిబ్రవరి 20

హ్యాండిల్ తిప్పను ఒక మనిషి కావాల. ఒక్కదాన్నే తిప్పి, పరిగెత్తిపోయి సీట్లో కూర్చునేలోగా బండి నిలిచిపోతాంది.

అమ్మణక్క మేడ దిగొచ్చి "నేనొస్తా" అన్నది. అమ్మణక్కంటే బావ పెండ్లామే! నా తోడికోడలు!

"బావ ఊరుకుంటాడా అక్కా?"

"ముప్పై ఏండ్లుగా నేను ఊరుకున్నా గదా, ఇప్పుడు ఆయన ఊరుకుంటాడు. బెంగుళూరు చూడకుండానే చచ్చిపొమ్మంటావా?"

హ్యాండిల్ నేర్పినా. బొటనవేలు బయట, వేళ్ళతో పాటే ఉండాల, కిందనుంచి పైకి లాగాల. రోకలి పట్టిన చెయ్యి గదా, మూడో తిప్పుకు లేపింది బండిని. మేడ మీద కిటికీలో బావ మొహం చూడాల్సింది.

మార్చి 6, శుక్రవారం. వేలూరు

వచ్చేసినాం. ఎండ, దుమ్ము. తొమ్మిది బండ్లలో ఒకటి శ్రీపెరంబుదూరులోనే పడుకునింది. రాణిపేట దగ్గర ఒక జమీందారు బండికి ఎద్దులు కట్టినారు. మాది దగ్గను కూడా దగ్గలా. తెల్ల మీసాల దొర ఒకడు మా పక్కగా పోతూ టోపీ ఎత్తినాడు. అమ్మణక్క తిరిగి దండం పెట్టింది, పులిహోర పొట్లం విసిరింది. పట్టుకున్నాడు, మొనగాడే!

అందరూ బస దిగిన ముసాఫరుఖానాలో స్నానాలు చేస్తుంటే నేను బండిని జైలు పక్కకు తిప్పినా. పొడుగు గోడ. లోపల యాడుండాడో. హారన్ కొట్టినా. ఒకటి. రెండు. మూడోది చానాసేపు నొక్కి పట్టుకున్నా. గేటు కాడ సెంట్రీ లాఠీ ఎత్తుకుని వస్తుంటే రివర్సు చేసి వచ్చేసినాం.

విన్నాడు. నాకు తెలుసు విన్నాడు.

మార్చి 7

పొద్దున మొగిలి ఘాటు. ఎక్కుడు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, లోయనిండా మోదుగ పూసి ఎర్రగా ఉండాది. అమ్మణక్క కండ్లు మూసుకుని రామ రామ అంటా ఒక్క పువ్వు చూడలా. ఫస్టు గేరులో నత్త మాదిరి ఎక్కించినా, మూడు చోట్ల ఆపి నీళ్ళు పోసినా, పైకొచ్చినాం. పైన పలమనేరు గాలి తగిలినాక అక్క కండ్లు తెరిచి "అయిపోయిందా? అయ్యో, చెప్పకూడదా!" అని నన్నే తిట్టింది.

సాయంత్రం కోలారు దాటినాక మొదటి విస్కీ ఫ్యాక్టరీ. మనిషి ఎత్తు రాగి అండాలు, పైన పొడుగు మెడలు. బెల్లం మడ్డి పులిసిన వాసన, నాలుగునాళ్ళ దోసె పిండి కుండ మూత తీసినట్టు. దొరలు గ్లాసులు ఎత్తి ఎండకు పెట్టి చూస్తారు, వాసన చూస్తారు, కండ్లు మూస్తారు. మాకు నిమ్మకాయ నీళ్ళిచ్చినారు. అక్క అండాన్ని తట్టి చూసి, "ఇంత రాగి! ఎన్ని బిందెలౌతుందే ఇది! తాగి పాడైపోతాండారు" అన్నది.

ఒక్కటి మాత్రం అనిపించింది. ఈ దరిద్రం రాజ్యాల గీతకు ఈ పక్క గౌరవం, ఆ పక్క జైలు. మధ్యలో చెక్‌పోస్టు అని ఒక కర్ర అడ్డం పెట్టినారు, అంతే.

మార్చి 8, ఆదివారం. బెంగుళూరు

నా నీలం చీర.

మార్చి 8, అదే రోజు

రాయకుండా ఉండలేను. రాస్తా.

ఈ పొద్దు రెండో ఫ్యాక్టరీ. దొరల కోసం సెలవు నాడు తెరిచినారు. లోపలి వాసన పడక నేను ముందే బయటికొచ్చేసినా. చెట్ల కింద బండ్లు. నా బండి వెనక తలుపు తెరిచి, చిన్నసామి, అదే లాయరయ్య డ్రైవరు, తల లోపల పెట్టి ఏందో చేస్తాండాడు. వెనక సీటు ఊడదీసి గడ్డిలో పెట్టుండాడు. సీటు కింద పలక. పలక ఎత్తితే కింద రేకు పెట్టె. పెట్టెలో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో విస్కీ బాటిలు, పసిబిడ్డల్ని పండబెట్టినట్టు పండబెడతాండాడు. పన్నెండు.

గుంట గుంటకూ చుట్టూ గుడ్డ కుట్టుండాది, బాటిళ్ళు తగులుకుని చప్పుడు కాకుండా. నీలం గుడ్డ. చినిగిన అంచు కూడా దాచలా, మడిచి కుట్టినాడు. ఆయన కుట్టు నాకు తెలీదా? చొక్కా గుండీలు ఆయనే కుట్టుకునేవాడు, దారం రెండు పేటలు వేసి.

చిన్నసామి నన్ను చూసి బెదరలా. "వణక్కం అమ్మా, ఈ తూరి పెట్టె బాగా ఆరిపోయి ఉండాది" అన్నాడు. అంటే ఎన్ని తూర్లు చూసినాడో ఈ పెట్టెను! నాకంటే ఎక్కువ.

అంతలో లాయరయ్య వచ్చినాడు, సిగారు కాలుస్తా.

"ఏంది లాయరయ్యా ఇది?"

"దేవరాజులు చెప్పలేదా?" నిజంగానే ఆశ్చర్యపోయినాడు. "మూడేండ్లుగా పాండిచ్చేరి నుంచి మాకు తెచ్చేవాడే! పెట్టె ఎప్పుడూ దొరకలా. ఆ రోజు నేనే ఒక బాటిలు ముందర పెట్టమన్నా, దోవలో ఒకరికి ఇచ్చిపోను. అదే దొరికింది. నా పేరు చెప్పలా, మంచోడు. అందుకే గదా ఫీజు లేకుండా వాదించినా."

"నన్ను రమ్మన్నది..."

"ఆడమనిషి తోలే బండి. పక్కన ఇంకొక పెద్దామె, పులిహోర. ఎవుడు వెతుకుతాడమ్మా?" నవ్వినాడు. నవ్వు ఆపి, "ఆయనింకా లోపలే ఉండాడు గదా. బయటికి రావాల గదా సక్రమంగా. మనం మనం ఒకటి" అన్నాడు.

నేను ఒక్క మాట అనలా. నేను! అక్క నన్ను చూసి జరమొచ్చిందా అని నుదురు పట్టుకుని చూసింది.

ఆయనకు ఆ బాటిలు సంగతి తెలియదని ఎంతమందికి చెప్పినా! పాలోడికి చెప్పినా. గుళ్ళో అయ్యవారికి చెప్పినా. ఈ డైరీకి చెప్పినా.

బాటిళ్ళతో పట్టుబడితే బండి పోతుంది, ఈ తూరి వదలరు. బాటిళ్ళు తీసి ఇప్పుడే వాడి ముందర పగలగొడితే? రేపు ఆయన మీద ఇంకేం కేసు పెట్టిస్తాడో. అయినా దొంగ సరుకు మోయనా నేను? మోయను. ఎట్లనో తెలీదు. మోయను.

మార్చి 9. వేలూరు

అమ్మయ్య. ఎక్కడ మొదలుపెట్టేది?

కొబ్బరికాయ కాడ మొదలుపెడతా. పొద్దున బయల్దేరేటప్పుడే అక్కకు అంతా చెప్పేసినా. అక్క ఒక్క మాట అన్నది: "ఇద్దరు అన్నదమ్ములకూ బుద్ధి ఒకే కొట్టులో కొన్నారే!" ముళబాగిలు ఆంజనేయుడి గుడి కాడ ఆపమన్నది. స్వామికి దిష్టి కాయ మొక్కుకున్నదంట. బండికి హారతిచ్చి, నేను వద్దు వద్దనేలోగా కొబ్బరికాయను హ్యాండిల్ ఇనుము మీద ఫట్టని కొట్టింది. కాయ పగిలింది. చిప్ప ఎగిరిపోయి రేడియేటరు జల్లెడలో దిగబడింది. మేం చూసుకోలా. ప్రసాదం తింటా బయల్దేరినాం.

మన రాజ్యంలోకి దిగే నంగిలి చెక్‌పోస్టు ఇంకా దూరముండగానే ముందర ఆవిరి లేసింది. ఇంజను గుడగుడ. దిగి చూస్తే రేడియేటరు ఏడుస్తాండాది, నీళ్ళు చుక్క లేవు. మా డబ్బాలో నీళ్ళు పోస్తే పోసినట్టే కారిపోయినాయి. చుట్టూ బండలు, ఎండిన చెరువు. అక్క బిందె తీసుకుని పోయి, బావిలో రాళ్ళు చూసి తిరిగొచ్చింది. చిప్ప ముక్క పీకి చేతిలో పెట్టుకుని "పాపిష్టి చెయ్యి, నా పాపిష్టి చెయ్యి" అని ఏడుపు. "ఏడవొద్దక్కా, ఆ నీళ్ళు కూడా ఈడ పనికిరావు" అన్నా. అంత కోపంలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

వెనక నుంచి లాయరయ్య బండి వచ్చింది, దాని వెనక తెల్ల మీసాల దొర బండి. లాయరయ్య దిగీ దిగంగానే, "దిగులెందుకమ్మా, తాడుండాది. చిన్నసామీ, తాడు కట్టు. ఇంకా మంచిది. లాక్కుపోయే బండిని చెక్‌పోస్టులో చూడను కూడా చూడరు" అన్నాడు.

చిన్నసామి తాడు తెచ్చినాడు. కొత్త తాడు, పచ్చగా. నా కండ్ల ముందర వీరభద్రరావు కొండ కనబడింది, దొర్లేది కనబడింది, మంట కనబడింది.

"కట్టొద్దు" అన్నా.

"నీళ్ళు లేకుండా ఎట్ల పోతావు?"

"నీళ్ళు లేకుంటే ఏమాయ?"

వెనక తలుపు తెరిచినా. సీటు పీకి రోడ్డు మీద పడేసినా. స్ప్రింగులు పోతే పోనీ! పలక ఎత్తినా. మొదట ఒక గుంటలో గుడ్డ బర్రున చించినా. అక్క బార్ సబ్బును డబ్బా అడుగున మిగిలిన తడితో పిసికి ముద్ద చేసింది, ముద్దను చిల్లిలో కూరి, పైన నీలం గుడ్డ పీలిక గట్టిగా చుట్టి, ఊచలకు ముడేసినా. ఇంజను చల్లారే దాకా కూర్చున్నాం. లాయరయ్య "ఏం చేస్తావు, ఏం చేస్తావు" అంటానే ఉండాడు. చల్లారింది. మొదటి బాటిలు మూత పండ్లతో తీసినా.

"ఏయ్! ఏయ్! అది ఏందో తెలుసా! పన్నెండేండ్లు పీపాలో ఉన్న సరుకది!"

"మా ఆయన ఐదు నెల్లుగా ఉండాడు లాయరయ్యా, పీపాలో" అన్నా. పోసినా.

గుటగుటా తాగింది నా బండి. రెండోది పోసినా. మూడోది. చిన్నసామి పక్కకొచ్చి మెల్లిగా "అమ్మా, ఒక్కటన్నా నాకు వదలండమ్మా, పుణ్యముంటుంది" అన్నాడు. ఆరో బాటిలుకు తెల్ల మీసాల దొర టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు, శవం పోతుంటే తీసినట్టు. మైలురాయి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టినాడు, నవ్వి నవ్వి ఏడ్చినాడు. లాయరయ్య నా చెయ్యి పట్టుకోను వచ్చినాడు. అమ్మణక్క హ్యాండిల్ పీకి చేతిలో పట్టుకుని మధ్యలో నిలబడింది. "ఆడదాని మీద చెయ్యి పడిందా, నీ మీద ఇది పడుతుంది. రోకలి పట్టిన చెయ్యి నాది."

తొమ్మిదింటితో నిండింది. మిగతా మూడూ డబ్బాలో పోసుకున్నా, దోవలో కావాలంటే పోయను. సీటు మళ్ళా లోపల పెట్టి, ఖాళీ సీసాలు మైసూరు రాజ్యం మట్టిలోనే వరసగా నిలబెట్టొచ్చినా.

అక్క హ్యాండిల్ తిప్పింది. లేసింది! వాసన, అబ్బా, ఆ వాసన! సారాయి నీళ్ళకంటే బిరీన పొంగుతుంది, అది తెలుసు నాకు, అందుకని పల్లమంతా ఇంజను ఆపేసి దొర్లించినా, ఎక్కుడు మెల్లిగా. మూడు తూర్లు పొంగింది. మూడు తూర్లూ డబ్బాలోది పోసినా. డబ్బా ఖాళీ అయ్యేటప్పటికి చెక్‌పోస్టు కర్ర కనబడింది.

ఇన్‌స్పెక్టరు దూరం నుంచే ముక్కెగరేసినాడు. బండి ముందర ఆవిరి మేఘం మాదిరి, ఊరంతా విస్కీ.

"ఏందమ్మా ఈ వాసన?"

"బండి తాగింది" అన్నా.

"ఎగతాళా?"

"నేను తాగలా, అక్క తాగలా. నోరు ఊదమంటే ఊదుతాం. తాగింది బండి. తాగి కూడా నేరుగా నడుస్తాంది చూడండి, మొగోళ్ళ కంటే మేలు."

కానిస్టేబుళ్ళు నవ్వినారు. ఇన్‌స్పెక్టరు నవ్వలా. బండినంతా వెతికించినాడు. నేనే సీటు ఎత్తి పెట్టె చూపించినా. ఖాళీ గుంటలు. "ఇది ఎందుకు చేసినారు?" అన్నాడు. "మా ఆయన చేసినాడు. దానికే వేలూరులో ఉండాడు. ఈ పొద్దు ఇందులో సరుకు పెట్టించినోడు వెనక బండిలో వస్తాండాడు, పేరు భక్తవత్సలం, వకీలు. మా ఆయన ఆ పేరు చెప్పలా. నేను చెప్తాండా" అన్నా.

 అందరికీ వినబడేటట్టే చెప్పినా.

రేడియేటరు మూత తీయించి, ఒక కానిస్టేబుల్‌ను చుక్క నాలిక మీద వేసుకోమన్నాడు. వాడు ఆశగా వేసుకున్నాడు. తుపుక్కున ఉమ్మేసినాడు. "సార్, తుప్పు! సబ్బు!" అన్నాడు, కండ్ల నీళ్ళతో.

ఇన్‌స్పెక్టరు చానాసేపు మీసం కొరుక్కున్నాడు. "బండిని పట్టి పెట్టుకోవాల నేను" అన్నాడు.

"పెట్టుకోండి. లాకప్‌లో దానికి రాగి సంకటి పెడతారా?"

అప్పుడు నవ్వినాడు. "మనిషి తాగను పనికిరానిదాన్ని మద్యమని నేను రాయలేను తల్లీ. ఈడనే కింద పారపోసి పో" అన్నాడు. పారపోసినాం. కానిస్టేబుళ్ళే బిందెలతో చల్లటి నీళ్ళు మోసి నా బండికి పోసినారు. వెనకొచ్చిన లాయరయ్య బండిని సీట్లతో సహా ఊడదీసి వెతికినారు. ఏమీ దొరకలా. యాడ దొరుకుతుంది? నిలబెట్టి ఒక గంట అడిగినారంట, ఎండలో.

వేలూరులో జైలు పక్కకు పోలా.

హారన్ కొట్టలా.

మార్చి 10

చూళై చేరినాం. బావ వాకిట్లో. పక్కన వీరభద్రరావు, చేతిలో టేపు, బండి పొడుగు కొలవను.

"తాడు కట్టినారా?" అని బావ అడిగింది పెండ్లాన్ని, నన్ను కాదు.

అమ్మణక్క దిగి కొంగు దులుపుకుని, "కట్టలా. కట్టను వచ్చినోడి తాడు మాత్రం ఆడనే పారేసి వచ్చినాం" అన్నది. "ఇంకొక తూరి సినిమా అంటే హ్యాండిల్ నా చేతిలో ఉండాది" అన్నది.

బావ మాట మీద నిలబడినాడు, అది చెప్పాల. ఏమీ అనకుండా షెడ్డు తలుపు తీసినాడు. వీరభద్రరావు "పోనీ నడిచేటట్టయినా ఒక సీనుకి ఇస్తారాండీ, ఎవరన్నా ఆడవాళ్ళు తోలుతున్నట్టు" అన్నాడు. చూస్తాంలే అన్నా.

మార్చి 16

క్లబ్బు వాళ్ళు కబురు పెట్టినారు. రేడియేటరులో నీళ్ళు తప్ప వేరేది పోసినందుకు నన్ను పోటీలోంచి తీసేసినారంట. కప్పు లాయరయ్యకే ఇచ్చినారంట. తాగను దాంట్లో ఏమీ లేదు గదా, పెట్టుకోనీ.

మార్చి 21

జైలుకు పోయే రోజు. పోలా.

మార్చి 29

పెట్టె పీకించినా. మాట్లు వేసేవాడు రేడియేటరు చిల్లికి మాటేసి, విప్పిన గుడ్డ పారేయబోయినాడు. ఉండనీ అన్నా. మాటేసినాక గుడ్డెందుకమ్మా అన్నాడు. నీకెందుకు, మళ్ళా చుట్టు అన్నా.

ఏప్రిల్ 11

మళ్ళా జైలు రోజు. బండి తీసినా. పూనమల్లి దాకా పోయి తిరిగొచ్చేసినా. పోలేక కాదు. అడగాల్సింది కమ్మీల మధ్యలో నుంచి అడగను.

ఏప్రిల్ 19

రేపు వదుల్తారు.

ఆయన మీద నాకు కోపం దొంగ సరుకు మోసినందుకు కాదు. నాకు చెప్పలా, అందుకు. మూడేండ్లు నేను ముందర నిలబడి హ్యాండిల్ తిప్పుతుంటే, వెనక సీటు కింద ఏముండాదో తెలిసి కూర్చున్నాడు. "ఊఁ, ఇంకొక తూరి" అన్నాడు. నా చీరతో.

ఏప్రిల్ 20, సోమవారం

పొద్దునే వేలూరు పోయినా. ఒక్కదాన్నే. పోయేటప్పుడు అమ్మణక్క హ్యాండిల్ తిప్పి పంపింది.

జైలు గేటు ముందర నీడలో బండి ఆపి, లోపలే కూర్చున్నా. స్టీరింగు ముందర. గేటు చిన్న తలుపు తెరుచుకుని ఆయన వచ్చినాడు. చేతిలో మూట. చొక్కా వదులైపోయి ఉండాది. బండిని చూసి మొహం వెలిగింది, తర్వాత నన్ను చూసినాడు.

"బండి ఎట్లుండాది?"

"బాగుండాది."

"పోయేటప్పుడు విన్నా" అన్నాడు. "మూడోది చానాసేపు కొట్టినావు. లోపలందరికీ చెప్పినా, అది నా బండి, నా పెండ్లామని." మూట చెయ్యి మార్చుకున్నాడు. "తిరిగొచ్చేటప్పుడు కొడతావని రెండు రోజులు గోడ కాడనే కూర్చున్నా."

నేను వెనక సీటు పక్క చూసినా. ఆయనకే అర్థమైంది. వెనక తలుపులో నుంచి సీటును చూసినాడు. తల దించుకున్నాడు. తప్పయిందని అన్నాడా, నోరే ఆడిందా, సరిగా వినబడలా. ఇంకొక తూరి చెప్పమని నేనడగలా.

అలవాటు గదా, డ్రైవరు పక్కకు వచ్చి తలుపు పట్టుకున్నాడు. నేను జరుగుతానని నిలబడినాడు. నేను జరగలా.

"ముందరికి పోయి హ్యాండిల్ తిప్పండి" అన్నా.

నన్ను చూసినాడు. మూట వెనక సీట్లో పెట్టి, ముందరికి పోయినాడు. హ్యాండిల్ కోసం వంగినాడు. వంగినోడు అట్లే ఉండిపోయినాడు. ఆయన మొహం ముందరే రేడియేటరు, రేడియేటరుకు చుట్టిన నీలం గుడ్డ. వేలితో ముట్టుకున్నాడు.

 నేను దిగలా. దిగను.

"బొటనవేలు లోపల పెట్టొద్దండీ" అన్నా. "తన్నుతుంది."

తీసి బయట పెట్టుకున్నాడు. తిప్పినాడు. లేయలా.

"ఊఁ, ఇంకొక తూరి" అన్నా.